ఎర్రగవిలో పొయ్యి వయసు

హుస్సేనప్ప మట్టి గమేళా కింద పెట్టి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, చచ్చిపోయి పదహారేళ్ళయిన తన పెళ్ళాం ఇంకా అన్నం తీసుకురాలేదేమని అడిగాడు.

మధ్యాహ్నం రెండు గంటలు. ఎర్రగవి ముందు ఎండ నిప్పులు చెరుగుతోంది. గవి అంటే ఆ బేతంచెర్ల గుట్టల్లో గుహ. తవ్వకం పనిలో ఉన్న కూలీలంతా గవి నోటి దగ్గర నీడలో కూర్చుని సద్దులు విప్పుకుంటున్నారు. ముసలాయన మాట విని అందరూ పకపక నవ్వారు. తవ్వకం నడిపిస్తున్న డాక్టర్ సుభాషిణి కూడా నవ్వింది. ఆ నవ్వు నవ్వినందుకు తర్వాత ఎన్నడూ ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది.

"మస్తానమ్మ పోయి ఎన్నేండ్లాయె హుస్సేనప్పన్నా?" అంది ఆటపట్టిస్తూ.

"పోయింది గదా మేడమ్మా. నాకు తెల్దా? నేనే గదా మన్ను పోసింది," అన్నాడు ఆయన ఏ తడబాటూ లేకుండా. మళ్ళీ దారి వైపు చూశాడు. "అయినా ఇంత పొద్దెక్కినా గంప కనపడకపాయెనే అని."

నవ్వులు ఆగిపోయాయి. ఒకామె ముద్ద నోటి దగ్గరే పట్టుకుని ఉండిపోయింది.

హుస్సేనప్ప పిచ్చివాడు కాదు, తాగుబోతు అంతకంటే కాదు. ముప్ఫై ఏళ్ళుగా తవ్వకాల్లో నలిగిన మనిషి. తాపీ మొన మట్టికి తగిలితే చాలు, పొర మారిందని కళ్ళు మూసుకుని చెప్పగలడు. పెద్ద పెద్ద చదువుల వాళ్ళు భూతద్దాలు పట్టుకుని తంటాలు పడుతుంటే, "ఈడ మారింది సార్" అని బీడీ ముట్టించుకునేవాడు. అందుకే సుభాషిణి పెనం పట్టుకునే పని ఆయనకే ఇచ్చింది.

పెనం అన్న పేరు కూడా ఆయన పెట్టిందే. అసలు పేరు పలకడానికి నోరు తిరగదు. చూడటానికి రొట్టెలు కాల్చే పెనంలా నల్లగా, గుండ్రంగా, వెనక ఒక పిడితో ఉంటుంది. దాన్ని తవ్విన గుంట గోడకు ఆనించి గట్టిగా పట్టుకుంటే చాలు, ఆ పొర మీద చివరిసారి ఎండ పడి ఎన్ని వేల ఏళ్ళయిందో అంకె చెబుతుంది. మట్టిలో కలిసిన మెరుపు ఇసుక రేణువు ఒక్కొక్కటీ ఒక కుండ లాంటిది. చీకట్లో పూడుకుపోయి ఉన్నంత కాలం భూమిలోని శక్తి దానిలోకి చుక్క చుక్కగా చేరుతూ ఉంటుంది. ఎండ తగిలినా, నిప్పు తగిలినా కుండ ఖాళీ. పెనం చేసేదల్లా ఆ కుండను ఒక్కసారిగా వంచేసి, ఎంత కారిందో కొలవడం. చీకటి గదుల్లో నెలలు పట్టే పనిని సుభాషిణి, ఆమె పై అధికారి విద్యాధర్ కలిసి పది నిమిషాల్లోకి తెచ్చారు. గవి గోడ మీద ప్రతి పొర దగ్గరా ఒక చీటీ మేకుతో కొట్టి ఉంటుంది. అడుగున పాతది, పైన కొత్తది. చీటీ ఒక్కటి తారుమారైతే తవ్వకం మొత్తం దండగ.

ఇరవై రెండు చీటీలకు అంకెలు పడ్డాయి. మిగిలింది అట్టడుగున ఉన్న పొయ్యి ఒక్కటే. మూడు రాళ్ళు, వాటి మధ్య కాలి ఎర్రబడ్డ మట్టి. ఎవరో మనిషి అక్కడ నిప్పు రాజేసి కూర్చున్నాడు. ఎప్పుడన్నదే ప్రశ్న.

ఆ పూట సుభాషిణికి అన్నం సయించలేదు. తిన్నట్టు చేసి, ఐదు ఖాళీ చీటీలు తీసుకుని, హుస్సేనప్పను లోపలికి పిలిచింది. ఆయన చదవగలడు, కూడబలుక్కుని. ఒక్కో చీటీ మీద ఆయన చెప్పిందే రాసింది. పెండ్లి. కొడుకు పుట్టింది. కర్నూలు వరద. మస్తానమ్మ పోయింది. ఎర్రగవిలో పనికి చేరింది.

"ఇవి ఈ గోడకు కొట్టన్నా. అడుగున పాతది, పైన కొత్తది. నీకు చెప్పాల్నా?"

"ఇదేం పని మేడమ్మా, పిల్లకాయల ఆట," అని నవ్వుతూ మేకులు నోట్లో పెట్టుకున్నాడు ఆయన. మొదటి చీటీ తీసుకుని గోడ దగ్గరకు వెళ్ళాడు. కింద పెట్టబోయి ఆగాడు. పైకి జరిపాడు. మళ్ళీ కిందికి తెచ్చాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క చీటీ తప్పని ఆ చేయి గోడ మీద పైకీ కిందికీ తిరగసాగింది.

"ఏమాయె?"

ఆయన నోట్లోంచి మేకులు తీశాడు. "అన్నీ ఉండాయి మేడమ్మా. పెండ్లిలో వానొచ్చింది, అది ఉండాది. నా కొడుకు ఏడిచిన ఏడుపు చెవుల్లో ఉండాది. మస్తానమ్మకు పోసిన మన్ను ఇంగా గోర్లలో ఉన్నట్టే ఉండాది. ఏది ముందో, ఏది ఎనకో... తెల్దు. అన్నీ పొద్దున జరిగినట్టే ఉండాయి."

సుభాషిణి ఆయన చేతిలోంచి చీటీ తీసుకుంది.

"నెల నుంచి ఇట్లనే," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "ఎవురికి చెప్పుకుంటా? అది పోయినంక తేరుకునేదానికి నాకు ఏండ్లు పట్టె. ఇప్పుడు దినామూ ఇప్పుడే పూడ్చి వచ్చినట్టుంది. అంతలోనే అన్నం తెస్తాదని ఎదురుచూస్తాండా. నాకేమైంది మేడమ్మా?"

ఏమైందో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. తెలియనట్టు ఉండటానికి కాసేపు ప్రయత్నించింది గానీ, లాభం లేకపోయింది. మనిషి మెదడులో కూడా కంటికి కనపడని స్ఫటికాలు ఉన్నాయి. జ్ఞాపకానికి వయసు చెప్పేవి అవేనేమో. పెనం గోడలోని కుండలనే వంచుతుందా, దాన్ని పట్టుకున్న మనిషి కుండలను వదిలేస్తుందా? జ్ఞాపకాలు ఎక్కడికీ పోలేదు. వాటి మీది తేదీలే చెరిగిపోయాయి.

మరి పరీక్షలు చేశారు కదా! ఆమె సంతకమే ఉంది ఆ నివేదిక మీద. రోజూ పొద్దున వాగులో ఎండిన ఇసుక తెచ్చి పెనం కింద పెట్టేవారు. సున్నా చూపేది, సున్నాగానే ఉండేది. బాగుంది అనుకునేవారు. ఎలుకల మీదా చేశారు. పుట్టి ఇరవై రోజులు కూడా నిండని ఎలుక పిల్లలను వారం పాటు పెనం పక్కన ఉంచి, తర్వాత దారులు నేర్పితే చకచకా నేర్చుకున్నాయి. ఏ హానీ లేదని రాసేశారు. ఎండకు ముందే ఖాళీ అయిన ఇసుకలో ఏముంది పోవడానికి? ఇరవై రోజుల ఎలుకకు గతం ఎక్కడిది, చెరగడానికి? అంత చదువు చదివి, పోగొట్టుకోవడానికి ఏమీ లేని వాటి మీదే పరీక్ష పెట్టి, భయం లేదని తేల్చుకున్నారు.

ఆ ఆలోచన వెనకే ఇంకొకటి వచ్చింది. వేసవి సెలవుల్లో శార్వరి ఇక్కడికి ఎన్ని రోజులు వచ్చింది? తొమ్మిదేళ్ళ తన కూతురు హుస్సేనప్ప పక్కన కూర్చుని, "తాతా, వెచ్చగా ఉంది" అంటూ ఆ పెనం మీద తన చేయి కూడా ఎన్నిసార్లు వేసింది?

విద్యాధర్ డేరాలో కాగితాలు సర్దుకుంటున్నాడు. రాజమండ్రి మనిషి, మర్యాదస్తుడు, ఎవరినీ నువ్వు అనడు. సుభాషిణి చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"వయసైపోయిందండీ ఆయనకి. ఎండ కూడాను. రేపటి నుంచి రానక్కర్లేదని చెబుదాం. బేతంచెర్ల నుంచి ఇద్దరు కొత్త కూలీలను మాట్లాడాను."

"పట్టుకోవడానికా? వద్దండీ, స్టాండు పెడదాం."

"స్టాండు పెట్టిన ప్రతిసారీ అంకె చెడింది కదండీ, మీకు తెలియనిదా? మనిషి చేయే కావాలి. పొయ్యి బాగా పాతది కాబట్టి ఆరు గంటలు పట్టుకోవాలి. వంతులేసుకుంటారు." ఆయన ముఖం వెలిగిపోయింది. "ఒక్క కొలత సుభాషిణి గారూ. లక్షన్నర ఏళ్ళు దాటిందంటే మనిషి ఈ నేల మీద ఎప్పుడు అడుగుపెట్టాడన్న లెక్కే మారిపోతుంది. వచ్చే వారం వానలు దిగితే గవి నిండా నీళ్ళే. రేపు పదకొండింటికి మొదలు పెట్టేద్దాం. పొద్దున్నే నేను స్టేషనుకు వెళ్ళొస్తాను. నాన్నగారు వస్తున్నారు, ఆయనకి చూపించాలి ఈ పొయ్యి."

సుభాషిణి తలెత్తి ఆయన వైపు చూసింది. రెండేళ్ళ క్రితం ఆయన తండ్రి పన్నెండో రోజున రాజమండ్రి వెళ్ళి, పంక్తిలో కూర్చుని భోజనం చేసి వచ్చింది.

"ఆయన... పోయారు కదండీ," అంది మెల్లగా.

"అవునండీ, పోయారు. చివర్లో పాపం చాలా బాధపడ్డారు," అని నిట్టూర్చాడు విద్యాధర్. గడియారం చూసుకున్నాడు. "ఎనిమిదింటి బండికి వస్తారు."

ఆమె డేరాలోంచి బయటపడి, ఇంటికి బస్సెక్కింది.

బస్సు డోన్ చేరేసరికి సాయంత్రం ఐదయింది. స్టేషను రోడ్డులో బేకరీ దగ్గర ఆగి, రెండు బన్నులు కట్టించుకుని, రైల్వే క్వార్టర్సుకు దాదాపు పరిగెత్తింది. భర్త మురహరి గూడ్సు బండి గార్డు. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. శార్వరి వరండాలో కూర్చుని అట్టలు కత్తిరిస్తోంది. పొట్లం విప్పి చూసి మూతి ముడిచింది.

"బన్నులెవరికమ్మా? మనమెవ్వరం తినం గదా."

నిజమే. పళ్ళు లేని అవ్వకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ బన్ను పనికిరాదు. అవ్వ అంటే సుభాషిణి తల్లి, శార్వరిని పొత్తిళ్ళ నుంచి పెంచిన మనిషి. పోయిన శ్రావణంలో పోయింది. "నీకే, పాలల్లో నంచుకో," అనేసి సుభాషిణి పొట్లం లోపల పడేసింది. ఆ సంగతి ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ముందు పిల్ల సంగతి తేలాలి.

అల్మారాలోంచి ఫోటోల డబ్బా తీసింది. ఎనిమిది ఫోటోలు ఏరి చాప మీద పోసింది. "శారూ, ఆట. వీటిని వరసగా పెట్టు. ఏది ముందు, ఏది తర్వాత."

శార్వరి టకటకా పెట్టేసింది. ఒక్కటీ తప్పలేదు. సుభాషిణికి ప్రాణం లేచి వచ్చింది. కూతుర్ని దగ్గరకు లాక్కుని ముద్దు పెట్టుకుంది.

"అబ్బ, ఎంత బాగా గుర్తుందే నీకు!"

"గుర్తేంది?" అంది పిల్ల. "చూసి పెట్టినా. దీంట్లో పొట్టిగా ఉన్నా, అందుకే ముందు. దీంట్లో పన్ను లేదు. దీంట్లో పన్ను వచ్చింది, జడ పొడుగైంది. అందరూ అట్లనే గదమ్మా పెట్టేది?"

సుభాషిణి కూతుర్ని వదిలి వెనక్కి జరిగింది. తాను రాళ్ళ గొడ్డళ్ళను చూసి, చెక్కిన తీరు బట్టి ముందూ వెనకా తేల్చినట్టే, ఈ పిల్ల తన బతుకును తేలుస్తోంది. ఇంకో రెండు ఫోటోలు తీసింది. రెండింటిలోనూ అదే నీలం గౌను, అదే జడ. ఒకటి పుట్టినరోజున అవ్వ ఒళ్ళో. రెండోది అవ్వ పోయిన నెల తర్వాత, పిల్ల దిగులు మరిపించడానికి బెలుం గుహలకు తీసుకుపోయినప్పటిది.

"వీటిలో ఏది ముందు?"

శార్వరి ఒకటి తీసింది. పెట్టింది. రెండోది తీసింది. గౌను చూసింది, జడ చూసింది, చెప్పులు చూసింది. ఆధారం దొరకలేదు. అవ్వ ముఖం మీద వేలు పెట్టింది.

"అవ్వను పొద్దున్నే గదమ్మా తీసుకపోయినారు," అని ఒక్కసారిగా బావురుమంది. శ్రావణంలో ఏడ్చిన ఏడుపే అది, ఏమాత్రం పాతబడకుండా.

మురహరి పరిగెత్తుకుంటూ వచ్చాడు. పిల్లను ఎత్తుకుని, నిద్రపుచ్చి, అప్పుడు భార్య చెప్పిందంతా విన్నాడు.

"పాపను ఆడికి ఏమిటికి తీసుకపోయినావు?" అన్నాడు.

ఆమె చాప మీది ఫోటోలు ఏరి డబ్బాలో పెట్టింది.

"మళ్ళా వస్తాదా?"

"ఖాళీ అయిన రేణువు ఆ రోజు నుంచి మళ్ళీ నిండటం మొదలవుతుంది. తేడా తెలిసేంత నిండటానికి ఎన్నేండ్లు పడుతుందో తెలీదు. పాతది మాత్రం..." ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడేం చేస్తావు?"

ఆ రాత్రి ఆమె ఉన్నదంతా రాసింది. ఇసుక సంగతి, ఎలుకల సంగతి, చీటీలు పట్టుకుని నిలబడ్డ ముసలాయన సంగతి, తన కూతురి సంగతి. పెనం కోసం వరసలో ఉన్న ప్రతి సంస్థకూ పంపింది. కానీ కాగితాలు చదివి నమ్మడానికి నెలలు పడుతుంది. రేపు పదకొండింటికి ఇద్దరు కూలీలు వస్తారు. పెనం పగలగొడితే నెలలో ఇంకొకటి తయారవుతుంది. ఆ పొయ్యి తన వయసు దాచుకుని అక్కడ ఉన్నంత కాలం, దాన్ని కొలవడానికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, ఇంకో హుస్సేనప్ప చేతికి ఆ పిడి ఇస్తూనే ఉంటారు.

మర్నాడు తొమ్మిదింటికల్లా ఆమె గవిలో ఉంది. హుస్సేనప్ప అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. రావద్దన్న మాట నిన్నటిదో ఎప్పటిదో ఆయనకు తెలియదు కదా.

పొయ్యి మీద నల్ల టార్పాలిన్ నాలుగు మూలలా రాళ్ళు పెట్టి కప్పి ఉంది. ఈ పనిలో చేరిన మొదటి రోజు నేర్పే మొదటి పాఠం అదే, కొలవని మట్టికి వెలుగు సోకనివ్వకూడదు. ఇరవై ఏళ్ళుగా తానూ ఎందరికో నేర్పింది. ఒకసారి ఒక విద్యార్థి పొరపాటున పట్టా మూల ఎత్తితే, అందరి ముందూ ఏడిపించేసింది.

"అన్నా, గమేళా తే. ఈ పొయ్యి మట్టి మొత్తం ఎండలో పోయాల."

హుస్సేనప్ప ఆమె వైపు చూశాడు. తన బతుకులో ఏది ముందో ఏది వెనకో చెప్పలేకపోయినా, ఈ మాటకు అర్థం ఆయనకు బాగా తెలుసు. "ఎండ తగిలితే వయసు పోతాది మేడమ్మా."

"పోనీ. మనకు పోయింది చాలదా?"

"ఈ పొయ్యి రాజేసినోళ్ళు ఎప్పటోళ్ళో ఇంగ తెలీదు."

"తెలీదు."

ఆయన కాసేపు ఆ మూడు రాళ్ళ ముందు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత చెప్పులు విడిచి, రాళ్ళకు దండం పెట్టి, తాపీ తీసుకున్నాడు. ఎర్రమట్టిని పెళ్ళలు పెళ్ళలుగా లేపుతుంటే సుభాషిణి గమేళాలతో మోసింది. గవి ముందు బండ మీద పోసి, వడియాలు ఎండబెట్టినట్టు పలుచగా నెరిపింది. ఎన్ని వేల ఏళ్ళో చీకట్లో చుక్క చుక్కగా నిండిన కుండలన్నీ ఆ ఎండలో నిమిషాల్లో ఖాళీ అయిపోయాయి. చప్పుడు లేదు, పొగ లేదు. ఆమె మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ మట్టి కోసం పదేళ్ళు బతికింది మరి.

విద్యాధర్ పదిన్నరకు జీపు దిగాడు, వెనక ఇద్దరు కొత్త కూలీలు. బండ మీద పరిచిన ఎర్రమట్టి చూసి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మోకాళ్ళ మీద కూలబడ్డాడు. దోసెడు మట్టి ఎత్తి, నీడ కోసం వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిప్పి, వదిలేశాడు. తిట్టలేదు. తలెత్తి సుభాషిణి వైపు చూశాడు.

"ఎనిమిదింటి బండికి ఎవరూ దిగలేదండీ," అన్నాడు. "నాన్నగారు ఇక్కడికి గానీ వచ్చారా?"

సుభాషిణి ఆయన పక్కన కూర్చుని, భుజం మీద చేయి వేసింది. పోయారు కదండీ అని ఈసారి అనలేకపోయింది. కూలీలకు ఆ రోజు కూలి ఇచ్చి బస్సెక్కించి పంపేసింది.

ఆమె ఉద్యోగం పోయింది. పెనాల పని ఎక్కడికక్కడ ఆగింది. విచారణకు ఒక బృందం వచ్చి, వింతగా చూసి, రాసుకుని వెళ్ళింది.

మురహరి ఇంట్లో ముందు గది గోడను తవ్వకం గోడలా చేశాడు. ఆ ఆలోచన సుభాషిణిదే. నేల దగ్గర మొదటి చీటీ, పాప పుట్టింది. దాని మీద మాటలొచ్చింది, బడిలో చేరింది, పన్ను ఊడింది. అలా పైకి. ఒక మూరెడు ఎత్తులో, అవ్వ పోయింది. దాని మీద ఇంకా బోలెడు చీటీలు. శార్వరి పొద్దున లేవగానే గోడ ముందు నిలబడి కింది నుంచి పైకి చదువుకుంటుంది. అవ్వ చీటీ దగ్గర ఆగుతుంది. దాని మీద ఎన్ని చీటీలున్నాయో వేలుతో లెక్కపెడుతుంది. అన్ని చీటీల కిందిది కాబట్టి పాతదే అనుకుని, కళ్ళు తుడుచుకుని పళ్ళు తోముకోవడానికి పోతుంది. హుస్సేనప్ప ఇంట్లో కూడా అలాంటి గోడ వేయించారు.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం. మురహరి డ్యూటీకి పోయాడు. బయట వాన కురుస్తోంది. ఆ గోడ మీద తన చీటీ ఒకటి కూడా ఉండాలనిపించి, సుభాషిణి ఒక తెల్ల కాగితం మీద రాసింది: ఎర్రగవి పొయ్యి ఎండలో పోసింది. మేకు, సుత్తి తీసుకుని గోడ దగ్గరకు వెళ్ళింది.

ఆ రోజు ఆమెకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. ఎర్రమట్టి చేతులతో ఇంటికి వస్తే, వరండాలో అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ, "ఎంత మన్నే తల్లీ, ఈ పని మానుకోరాదూ" అని గొణిగింది. అమ్మ చేతి గాజుల చప్పుడు కూడా వినిపిస్తోంది. కాబట్టి ఈ చీటీ అవ్వ చీటీకి కింద రావాలి. అక్కడ మేకు ఆనించింది.

ఆగింది.

పైకి జరిపింది. మళ్ళీ కిందికి తెచ్చింది. చేయి గోడ మీద తడుముకుంటూ పైకీ కిందికీ తిరుగుతోంది. ఈ తిరగడం ఆమె ఇంతకుముందు చూసింది, వేరే చేతిలో. స్టేషను రోడ్డులో కట్టించుకున్న బన్నులు గుర్తొచ్చాయి. ఆ రోజు ఆలోచించకుండా దాటేసిన సంగతి ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడింది.

"శారూ," అని పిలిచింది. "ఇది ఎక్కడ కొట్టాలే?"

శార్వరి వచ్చి, తల్లి చేతిలోని చీటీ తీసుకుంది. వెలుతురుకు పట్టి చూసింది. గోడ మీద ఉన్న చీటీలు ముట్టి చూసింది. వాటి అంచులు అప్పుడే మురికి పట్టి ఉన్నాయి. తర్వాత తల్లి ముఖంలోకి చూసింది. ఆ పిల్లకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"కాగితం ఇంగా తెల్లగా ఉంది గదమ్మా," అంది మెల్లగా, తల్లి చేయి పట్టుకుని. "ఇదే కొత్తది. అన్నిటికన్నా పైన కొట్టు."

సుభాషిణి స్టూలు ఎక్కింది. కూతురు కింద నిలబడి మేకు అందించింది.